పరుగు గ్రూపుతో ఫుడ్ బ్యాంకుకి వెళ్లే ముందు

అమ్మలూ,

మీ రన్నింగ్ గ్రూపంతా ఫుడ్ బ్యాంకులో, అంటే తిండి సరుకు పోగుచేసి లేనివాళ్లకి పంచే చోట, పని చేద్దామనుకుంటున్నారని నీ ఉత్తరంలో చదివి సంబరపడ్డాను, కానీ పండగ రోజున నలభై మందీ ఒకే రంగు టీషర్టుల్లో దిగిపోదామన్న ప్లాన్ మాత్రం పక్కన పెట్టెయ్. పండగలకి సాయం చేసేవాళ్లు పోటెత్తుతారు. మామూలు వారం మధ్యలో సరుకు బండి వచ్చి నిలబడితే దించడానికి మనుషులుండరు. ముందు అక్కడి మేనేజరుకి ఫోన్ చేసి, ఏ పూట మనిషి దొరక్క ఇబ్బంది పడుతున్నారో అడుగు, ఆ పూటకి ఓ ఎనిమిది మందిని వంతులవారీగా పంపు. అంతకంటే ఎక్కువైతే మీకు పని నేర్పడానికే వాళ్ల టైమంతా పోతుంది.

పరుగు ముందా, పని ముందా అన్నావు. పనే ముందు. పెద్ద పరుగు తర్వాత అలిసిన కాళ్లతో పెట్టెలెత్తితే నడుం పట్టేస్తుంది, పైగా చెమటతో తిండి సరుకు ముట్టుకోవడం ఏం బాగుంటుంది చెప్పు! లండన్‌లో మొదలైన గుడ్‌జిమ్ అనే గ్రూపువాళ్లలా పరుగెత్తుకుంటూనే సేవ చేసే చోటికి వెళ్లాలని సరదాగా ఉంటే, మాట్లాడుకుంటూ వెళ్లగలిగే వేగంతో దగ్గరి దూరమే పెట్టుకోండి, మార్చుకోవడానికి పొడి టీషర్టు ఉండాలి, వెళ్లగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గంటల తరబడి సిమెంటు నేల మీద నిలబడ్డాక మర్నాడు స్పీడ్ వర్కౌట్ వద్దు.

అసలు పనంతా సరుకు ఏరడంలోనే ఉంది. 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదటి ఫుడ్ బ్యాంకు పెట్టిందే పారేయబోయే తిండిని తినేవాళ్లకి చేర్చడానికి, కాబట్టి వచ్చినదాంట్లో ఏది పనికొస్తుందో చూసేవాళ్లు ఎప్పుడూ కావాలి. సీలు వేసిన రేకు డబ్బా మూత ఉబ్బితే తెరిచి చూడకుండానే పక్కన పడెయ్యాలి. సొట్ట అతుకు మీద పడినా, వేలు ఇమిడేంత లోతుగా ఉన్నా అంతే. పైపైన తుడిస్తే పోయే తుప్పుతో భయం లేదు. తేదీల దగ్గరే కొత్తవాళ్లు తికమకపడతారు: ‘బెస్ట్ బిఫోర్’ అనేది రుచికి, నాణ్యతకి సంబంధించింది, ‘యూజ్ బై’ అంటే ఆ లోపే తినెయ్యాలని, అది దాటితే మాత్రం ఇవ్వకూడదు. మొదటిది దాటిన సరుకు ఎన్నాళ్లు ఇవ్వొచ్చో ఒక్కోచోట ఒక్కో రూలు, సొంత తెలివి వాడకుండా అడగండి. పాత తేదీవి ముందుకి, కొత్తవి వెనక్కి సర్దాలి. సంచి కట్టేటప్పుడు దాన్ని మోసుకెళ్లేది ఓ ముసలావిడ కావచ్చని గుర్తుపెట్టుకుంటే చాలు, బరువెంత పెట్టాలో చెయ్యే చెబుతుంది.

సరుకు పోగేద్దామనుకుంటే ఏం కావాలో లిస్టు అడిగి తెచ్చుకో. డబ్బే ఇస్తామంటే ఇంకా మంచిది, వాళ్లు టోకున కొనుక్కుంటారు.

ఫోటోల పిచ్చి మీవాళ్లకి ఎక్కువని తెలుసు. సరుకు తీసుకోవడానికి వచ్చినవాళ్లు ఒక్కరు కూడా, వెనక నుంచి కూడా, ఫ్రేములో పడకూడదు. క్యూలో మీకు తెలిసినవాళ్లే కనబడొచ్చు, మీ గ్రూపువాళ్లే అయినా ఆశ్చర్యం లేదు. వాళ్లు పలకరిస్తే మామూలుగా మాట్లాడండి, లేకపోతే చేతిలో పని చూసుకోండి. బయటికొచ్చాక ఎవరి దగ్గరా ఆ పేరు ఎత్తొద్దు.

ఇంకోటి, వస్తామని పేరిచ్చి ఎగ్గొట్టేవాళ్లతోనే అసలు టెన్షన్. రాలేనివాళ్లు ముందు రోజు సాయంత్రానికల్లా చెప్పాలని గ్రూపులో రూలు పెట్టు, ప్రతి పూటకీ ఇద్దరిని అదనంగా రాసి ఉంచు.

పెదనాన్న