పొట్ట తెరవడం మర్చిపోకు, అమ్మలూ

అమ్మలూ,

సర్జరీలో ఎంఎస్ అయిపోయింది, సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాసి యూరాలజీలో, అంటే కిడ్నీ, మూత్రకోశాల సర్జరీలో చేరతానంటున్నావు, సంతోషం. ఈలోపు ఏరియా ఆసుపత్రిలో చేరాలా, ఇంట్లో కూచుని చదువుకోవాలా అని అడిగావు. చేరు.

నా సంగతి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి పదమూడేళ్ల కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఎడమ వృషణం మెలిపడింది. నొప్పి మొదలై రెండు గంటలే. నేను చెయ్యగలను, కానీ భయపడ్డాను. యూరాలజిస్టుకి చూపించండని చీటీ రాసి సిటీకి పంపేశాను. అప్పటికింకా 108 అంబులెన్సు లేదు, అది 2005లో కదా వచ్చింది. వాళ్లు జీపు మాట్లాడుకునేసరికే గంట పోయింది. ఆరు గంటలు దాటితే దక్కడం కష్టమని పరీక్షలో రాసినవాణ్ణే నేను! వారం తర్వాత కుట్లు తీయించుకోడానికి నా దగ్గరికే వచ్చారు. డిశ్చార్జి కాగితంలో ‘తీసేశాం’ అని ఉంది. సమయానికి పంపారని ఆ తండ్రి నాకు దండం పెట్టాడు.

నువ్వైతే లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ కోసం ఆగకు. తెరిచి మెలి విప్పు, వెచ్చటి సెలైన్‌లో తడిపిన మాప్ (ఆపరేషన్‌లో వాడే గుడ్డ) చుట్టి కాసేపు చూడు. రంగు తిరిగితే మళ్లీ మెలిపడకుండా కుట్టి నిలబెట్టు. రెండోవైపు కూడా కుట్టాలి సుమా.

అల్సర్ పగిలిన పొట్టలు ఎక్కడైనా వస్తాయి. ఒమెంటం, అంటే పేగుల మీద ఉండే కొవ్వు పొర తెచ్చి చిల్లు మీద కప్పి కుట్టడం, గ్రాహం అనే సర్జన్ 1937లో రాసిన పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది. ముడి మరీ బిగిస్తే ఒమెంటం చచ్చిపోతుంది, అంతే చూసుకో. యాక్సిడెంట్ కేసులో లివర్ చిట్లి రక్తం ఆగకపోతే అంతా అక్కడే బాగుచేద్దామనుకోకు. మాపులు కుక్కు, ఎన్ని పెట్టావో కేస్ షీట్లో రాయి, అప్పుడు పంపు. అవతలి సర్జన్‌కి నువ్వే ఫోన్ చెయ్యి, సిస్టర్‌తో చేయించకు.

చేరిన వారంలోనే మత్తు డాక్టరు ఇల్లెక్కడో, రాత్రిపూట ఫోన్ ఎత్తుతారో లేదో కనుక్కో. ఆయన లేకుండా, రక్తం లేకుండా పెద్ద కేసు మీద చెయ్యి వెయ్యకు. అది ధైర్యం కాదు.

యూరాలజీ డిగ్రీ ఎంసీహెచ్ అయ్యాక కూడా నెలకో రెండు ఎమర్జెన్సీ డ్యూటీలు అడిగి వేయించుకో. నా బ్యాచ్‌వాడొకడు పదేళ్లు కిడ్నీ రాళ్లే తీశాడు. సొంత బావమరిదికి పేగు మెలిపడితే నాకు ఫోన్ చేశాడు.

చదువంటావా, డ్యూటీ రూములో దోమలు తప్ప నిన్ను డిస్టర్బ్ చేసేవాళ్లుండరు. కేసు వచ్చేదాకా చదువుకో.

మీ పెదనాన్న