గడ్డ తీశాక పొట్ట మళ్లీ ఎందుకు తెరిచారు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. గుండె లయ తప్పుతోందని రక్తం పలచన చేసే మాత్రలు వాడేవారు. పన్ను పీకించుకోవడానికి ఆపి, మళ్లీ మొదలుపెట్టలేదు. మూడు వారాలకు ఓ రాత్రి కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతి, విరేచనాలు. దగ్గర్లోని ఆస్పత్రిలో గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. తెల్లారాక సిటీలో స్కాన్ తీసి, పేగు రక్తనాళంలో రక్తపు గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు, అడుగున్నర పేగు కూడా తీసేశారు. రెండో రోజు మళ్లీ తెరిచారు. మొదటిసారి సరిగ్గా చెయ్యలేదా? గుండె జబ్బుకి పొట్టలో గడ్డేంటండీ?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఆ అనుమానం పెట్టుకోకండమ్మా. రెండోసారి తెరవాలన్నది చాలావరకు మొదటి ఆపరేషన్ జరుగుతుండగానే అనుకునే పని. గడ్డ తీసి రక్తం వదిలాక కమిలిన పేగు కొంత కళ్లముందే గులాబీ రంగుకు తిరిగి మెల్లగా కదులుతుంది, కొంత మాత్రం ఎటూ తేలదు. తేలనిదంతా కోసేస్తే తిన్నది ఒంటికి పట్టడానికి మిగిలిన పేగు చాలకపోవచ్చు, వదిలేస్తే లోపల కుళ్లొచ్చు. అందుకే చచ్చిన ముక్క వరకు తీసి, మిగతాది 24 నుంచి 48 గంటల్లో మళ్లీ చూస్తారు.

గుండె పైగది వణుకుతుంటే రక్తం ఓ మూల నిలిచి గడ్డ కడుతుంది. అది ఊడి మెదడుకు పోతే పక్షవాతం. చిన్నపేగుకు రక్తమిచ్చే పెద్ద నాళం ఏటవాలుగా కిందికి దిగుతుంది కాబట్టి అందులోకి తేలిగ్గా జారుతుంది. సర్జన్ ఆ నాళానికి చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టాన్ని గడ్డ దాటేదాకా పంపి, కొసన ఉన్న బెలూన్ ఉబ్బించి వెనక్కి లాగుతాడు, గడ్డ దాంతోపాటే వచ్చేస్తుంది. 1960ల మొదట్లో అమెరికాలో థామస్ ఫోగార్టీ అనే కుర్ర డాక్టరు, గ్లవ్ వేలి కొస కత్తిరించి, గాలాలకు ఈకలు కట్టే ముడులతో గొట్టానికి బిగించి చేసిన ఉపాయం ఇది!

మొదటి ఆస్పత్రి సంగతా? ఈ జబ్బు మోసకారి, మనిషి నొప్పితో గింజుకుంటున్నా నొక్కితే పొట్ట మెత్తగానే ఉంటుంది. అయితే గుండె లయ తప్పుతోందనీ, మాత్రలు ఆపారనీ అక్కడ ఎవరైనా చెప్పారా? చెప్పినా గ్యాస్ అన్నారంటే మాత్రం మీ కోపం న్యాయమే, ఎందుకంటే గంటలు గడిచేకొద్దీ పేగు చస్తుంది.

ఒక్క పన్ను పీకడానికి సాధారణంగా ఆ మాత్రలు ఆపక్కర్లేదు, గుండె డాక్టర్ని అడక్కుండా అసలు ఆపకూడదు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో చెప్పే ఐ.ఎన్.ఆర్. పరీక్ష చూసి డోసు మార్చే రకమైతే, మాత్ర పనిని తగ్గించే తోటకూర, పాలకూర మానక్కర్లేదు గానీ, వారమంతా ముట్టకుండా ఆదివారం గిన్నెడు తింటే లెక్క తప్పుతుంది.