అమ్మానాన్నలు, పిల్లలతో మొదటి క్రూయిజ్: ముంబై నుంచి ఎక్కాలా, సింగపూర్ నుంచా?

మీరు హన్మకొండ నుంచి ఆరుగురు మొదటిసారి క్రూయిజ్‌కు (షిప్‌లో విహారయాత్రకు) బయల్దేరుతున్నారు: నాన్నకు 68, అమ్మకు 63, అమ్మకు బస్సెక్కితేనే వాంతులు, పిల్లలకు 5, 11 ఏళ్లు. దసరా సెలవులా సంక్రాంతా, ముంబైనా సింగపూరా, ఏ క్యాబిన్ తీసుకోవాలి, టికెట్ కాకుండా ఇంకెంత అవుతుంది అని అడిగారు.

షిప్ ఫొటోలు, వాటర్ స్లైడ్ వీడియోలు కాసేపు పక్కన పెట్టండి. మీ ఇంట్లో వాంతుల సమస్య ఉన్న మనిషి ఉన్నారు కాబట్టి ఏ సముద్రం, ఏ నెల అన్నది ముందు తేల్చుకోవాలి. అరేబియా సముద్రం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలతో పోటెత్తి ఉంటుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగా నెమ్మదిస్తుంది. బంగాళాఖాతానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం. ఆ నెలల్లో చెన్నై, విశాఖ వైపు షిప్ దొరికినా రూటు మారే అవకాశం ఎక్కువ. సింగపూర్ నుంచి పోర్ట్ క్లాంగ్, పెనాంగ్ వెళ్లే దారి మలక్కా జలసంధిలో ఉంటుంది. ఒకవైపు సుమత్రా, ఇంకోవైపు మలేసియా అడ్డుగా ఉండటంతో పెద్ద అలలు లేవవు. అదే ఫుకెట్ దాకా పోతే అండమాన్ సముద్రంలోకి వచ్చేసినట్టే. అక్కడ మే నుంచి అక్టోబర్ దాకా గాలివాన రోజులు.

కాబట్టి దసరాకైతే సింగపూర్ నుంచి పెనాంగ్, పోర్ట్ క్లాంగ్ రూటు, 3 లేదా 4 రాత్రులు. సంక్రాంతికైతే ముంబై నుంచి గోవా కూడా బాగుంటుంది, పాస్‌పోర్టుల పని ఉండదు. లక్షద్వీప్ మాత్రం మీ అమ్మానాన్నలతో వద్దంటాను. అగత్తి దగ్గర పెద్ద షిప్ ఒడ్డుకు రాలేదు. దూరంగా ఆగితే చిన్న బోట్లలోకి మారి వెళ్లాలి. షిప్, బోటు రెండూ వేర్వేరుగా పైకీ కిందికీ ఊగుతుంటే మధ్యలో ఒక్క అడుగు వేయాలి. సిబ్బంది రెండు చేతులూ పట్టుకుంటారు కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ ఒక్క అడుగే కష్టం. అలలు పెరిగితే దిగడమే రద్దు చేస్తారు. ఇలా చిన్న బోట్లలో దింపడాన్ని టెండరింగ్ అంటారు. ఫుకెట్‌లో పటోంగ్ బీచ్ దగ్గర కూడా చాలా షిప్పులది ఇదే పద్ధతి. పెనాంగ్‌లో ఆ బాధ లేదు. స్వెట్టెన్‌హామ్ పియర్‌కు షిప్ ఆనించి నిలబెడతారు, దిగి నడిస్తే జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంటారు. బుక్ చేసే ముందు ప్రతి ఊరి దగ్గరా డాకింగా (ఒడ్డుకు ఆనించడమా), టెండరా అని ఏజెంటును అడిగి, వాట్సాప్‌లో రాసి పంపమనండి.

షిప్ సైజు కూడా లెక్కలోకి వస్తుంది. ముంబై నుంచి తిరిగే కోర్డీలియా కంపెనీ వారి ఎంప్రెస్ షిప్ 1990 నాటిది, గ్రాస్ టన్నేజ్ (షిప్ లోపల ఎంత చోటుందో చెప్పే కొలత) దాదాపు 48,500. సింగపూర్ నుంచి తిరిగే జెంటింగ్ డ్రీమ్ 2016లో వచ్చింది, అది లక్షన్నర. పెద్దదానికి ఊగుడు తక్కువ. షిప్పుకు పక్కల స్టెబిలైజర్లని రెక్కల్లాంటివి ఉంటాయి. అవి కుడి ఎడమలకు ఊగడాన్ని తగ్గిస్తాయి. ముందూ వెనకా లేచి పడటాన్ని మాత్రం ఆపలేవు. అందుకే క్యాబిన్ ఎక్కడుందన్నదే అసలు విషయం. షిప్ పొడవులో సరిగ్గా మధ్యన, కింది డెక్కుల్లో (అంతస్తుల్లో) తీసుకోండి. మొద్దు మీద అడ్డంగా పెట్టిన పలక లాగా చివరలు లేచి పడుతుంటే నడిమి భాగం కదిలేది తక్కువ. మనోళ్లు సముద్రం బాగా కనిపిస్తుందని పైడెక్కులో ముందు వైపు బాల్కనీకి ఎక్కువ పైసలు పెడతారు. ఎక్కువ ఊగేది అక్కడే.

డెక్ ప్లాన్ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీరు చూస్తున్న క్యాబిన్‌కు పైన ఏముందో, కింద ఏముందో చూడండి. పైన బఫే గానీ స్విమ్మింగ్ పూల్ గానీ ఉంటే తెల్లవారుజామునే కుర్చీలు జరిపే చప్పుడు నెత్తి మీద వినిపిస్తుంది. కింద థియేటరో, డిస్కోనో ఉంటే అర్ధరాత్రి దాకా దబదబలే. పైనా కిందా కూడా క్యాబిన్లే ఉన్న డెక్ అయితే మేలు. ‘గ్యారంటీ క్యాబిన్’ అని తక్కువ ధరకు ఇస్తారు. అందులో మీకు గ్యారంటీ ఉండేది క్యాబిన్ రకానికే, చోటు వాళ్లిష్టం. మీ అమ్మగారి కోసం అది వద్దు, నంబర్ ఎంచుకునే టికెట్టే కొనండి. ఆరుగురికి రెండు క్యాబిన్లు సరిపోతాయి. పెద్దవాళ్లకు కిటికీ ఉన్న ఓషన్ వ్యూ, మీ నలుగురికి కిటికీ లేని ఇన్‌సైడ్ చాలు, ఎదురెదురుగా వచ్చేలా అడగండి. మూడో, నాలుగో మనిషికి గోడలోంచి కిందికి దించే పై బెర్త్ ఇస్తారు. అయిదేళ్ల పిల్లను దాని మీద పడుకోబెట్టకండి, 11 ఏళ్లవాళ్లకు ఇవ్వండి.

వాంతుల మందు సంగతి. మన మెడికల్ షాపుల్లో దొరికే అవోమిన్ (ప్రొమెథజిన్ 25 మి.గ్రా.) మామూలుగా ఎక్కే ముందు రాత్రి గానీ, బయల్దేరడానికి ఒకటి రెండు గంటల ముందు గానీ వేసుకోవాలి. వికారం మొదలయ్యాక మింగితే పనిచేసేలోపే కక్కేస్తారు. దీంతో నిద్రమత్తు వస్తుంది. 60 దాటినవాళ్లకు తల తిరగడం, తూలడం ఉంటుంది. గ్లకోమా, ప్రొస్టేట్ సమస్య ఉంటే డాక్టర్‌ను అడక్కుండా వద్దు. మీ నాన్నగారు బీపీ మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా చూపించి అడిగితే ఒకేసారి తేలిపోతుంది. పిల్లల డోసు కూడా డాక్టరే చెప్పాలి. మందు కాకుండా పనికొచ్చేవి: ఖాళీ కడుపుతో ఉండకపోవడం, నూనె వంటలు తగ్గించడం, శొంఠి గానీ అల్లం మురబ్బా గానీ నోట్లో వేసుకోవడం. వికారంగా ఉంటే క్యాబిన్‌లో పడుకుని ఫోన్ చూడొద్దు, మధ్య డెక్‌కు వచ్చి ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూస్తూ నిలబడాలి. చెవి చెప్పేదీ కన్ను చూసేదీ ఒక్కటైతే మెదడు తికమక పడదు. ముంబై చిన్న షిప్పులోనూ ఇదే.

కాగితాల దగ్గర తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన తంటా ఉంది. చాలామంది పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా ఇంటిపేరూ పేరూ కలిపి ఒకే గడిలో ఉంటాయి. విమానం టికెట్, వీసా, క్రూయిజ్ బుకింగ్ మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఖాళీగా ఉంటే ఆ కంపెనీ ఎలా నింపమంటుందో ముందే కనుక్కోండి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే అయిపోతుంది, తారీఖు చూసుకోండి, ప్రయాణం ముగిసే నాటికి ఆరు నెలల గడువు మిగలాలి. కొత్తగా తీయాలంటే వరంగల్ హెడ్ పోస్టాఫీసులోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ పెట్టుకోవచ్చు.

సింగపూర్ వీసా తీసేటప్పుడు మల్టిపుల్ ఎంట్రీ అని రాసి ఉందా చూడండి. షిప్ ఎక్కితే సింగపూర్ నుంచి బయటికి వెళ్లినట్టే లెక్క, తిరిగి వచ్చి దిగినప్పుడు అది రెండో ఎంట్రీ. అలాగే ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్‌కు వచ్చేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) రెండుసార్లు నింపాలి: విమానం దిగేటప్పుడు ఒకటి, షిప్ దిగేటప్పుడు ఒకటి. రాకకు మూడు రోజుల లోపు మాత్రమే నింపనిస్తుంది. ఇది ఉచితం, పైసలడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. షిప్‌లో నెట్ కొనకుండా పెనాంగ్‌లో దిగినప్పుడు నింపేస్తే సరిపోతుంది. మలేసియాకు కూడా డిజిటల్ అరైవల్ కార్డు ఉంటుంది. మీ రూటుకు ఏమేం కావాలో కంపెనీ నుంచి మెయిల్‌లోనే తెప్పించుకోండి. సామానులో గుట్కా, ఖైనీ, జర్దా, ఈ-సిగరెట్, చూయింగ్ గమ్ పెట్టకండి. సింగపూర్‌లో అన్నీ నిషేధమే. మసాలా డబ్బాలో గసగసాలు కూడా ఉండకూడదు.

ఎక్కే రోజుకు ఒకరోజు ముందే ఆ ఊరికి చేరండి. గేటు షిప్ బయల్దేరడానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు, బండి లేటైందంటే ఎవరూ వినరు. ముంబైకైతే వరంగల్ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నేరుగా సీఎస్‌ఎంటీకి పోతుంది. అక్కడి నుంచి క్రూయిజ్ టెర్మినల్ ఉన్న బల్లార్డ్ పియర్ ట్యాక్సీలో కొద్ది దూరమే. సింగపూర్‌కైతే శంషాబాద్ నుంచి విమానం. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కినా హన్మకొండ నుంచి మూడు గంటలు వేసుకోండి. సింగపూర్‌లో మరీనా బే, హార్బర్‌ఫ్రంట్ అని రెండు క్రూయిజ్ టెర్మినళ్లు ఉన్నాయి, టికెట్ మీద ఏది రాసి ఉందో చూశాకే ట్యాక్సీ ఎక్కండి.

పెద్ద సామాన్లు టెర్మినల్ బయటే తీసుకుంటారు, అవి క్యాబిన్ తలుపు దగ్గరికి సాయంత్రానికి గానీ రావు. మందులు, ఫోన్ చార్జర్, పిల్లలకు ఈత బట్టలు, ఒక జత మామూలు బట్టలు చేతి సంచిలో పెట్టుకోండి. క్యాబిన్లు కూడా మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే ఇస్తారు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, హీటర్ రాడ్, ఇండక్షన్ స్టవ్, అగరబత్తీలు స్కానర్‌లో పట్టుకుని దాచేస్తారు, దిగేటప్పుడు ఇస్తారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా అంతే. షిప్ వైరింగ్ ఇంటి వైరింగ్‌లా ఉండదు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నది పెడితే మంటలు లేచే ప్రమాదం ఉంది. గుండ్రటి రెండు పిన్నుల చార్జర్, రెండు మూడు యూఎస్‌బీ రంధ్రాలున్నది తెచ్చుకోండి. ఇంట్లో చేసిన కూరలు, అన్నం చాలా కంపెనీలు రానివ్వవు. సకినాలు, సర్వప్పలు కావాలంటే దుకాణంలో సీల్ చేసిన లేబుల్ ప్యాకెట్లే కొనండి, మూత విప్పిన స్టీల్ డబ్బా మీద చెక్కింగ్‌లో గొడవ అవుతుంది.

ఎక్కిన రోజే సేఫ్టీ డ్రిల్ ఉంటుంది, తప్పనిసరి. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మస్టర్ స్టేషన్‌కు (ప్రమాదం వస్తే అందరూ చేరాల్సిన చోటుకు) పోవాలని గుర్తు. మీ స్టేషన్ అక్షరం క్రూయిజ్ కార్డు మీదే ఉంటుంది. పిల్లలకు చేతి బ్యాండ్ ఇస్తారు, అడిగి తీసుకోండి.

భోజనానికి ఇబ్బంది పడరు. రెండు రూట్లలోనూ పప్పు, అన్నం, పెరుగు, శాకాహారం దొరుకుతాయి. డైనింగ్ హాలులో వడ్డించే అన్నకు రేపు ఏం కావాలో ఈ రోజు రాత్రే చెబితే విడిగా చేసి పెడతారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. రాత్రి భోజనం రెండు విడతలు: దాదాపు ఆరింటికి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి. పిల్లలూ, షుగర్ ఉన్న పెద్దలూ ఉంటే మొదటిది. బఫే దగ్గర సబ్బుతో చేతులు కడగండి. షిప్పుల్లో విరేచనాలు, వాంతులు అంటించే నోరోవైరస్‌కు సానిటైజర్ సరిగా పనిచేయదు. పూల్‌లోకి కాటన్ చుడీదార్, నైటీతో దిగనివ్వరు, ఈత బట్టల గుడ్డతో కుట్టిన నిండు సూట్ అయితే ఒప్పుకుంటారు. డైపర్ మానని పిల్లలనూ దించరు.

ఇక టికెట్‌పై పడేవి. ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా ఒక క్యాబిన్‌లో ఇద్దరున్నప్పుడు మనిషికి. పోర్ట్ చార్జీలు, పన్నులు విడిగా. విదేశీ కంపెనీల్లో టిప్స్ రోజుకు మనిషికి సుమారు 15 నుంచి 20 అమెరికా డాలర్లు, పిల్లలకు కూడా. ఆరుగురికి నాలుగు రాత్రులంటే 360 డాలర్లకు తక్కువ కాదు, చాలామంది లెక్కలో వేయనిది ఇదే. కూల్‌డ్రింకులు, వైఫై, కొన్ని రెస్టారెంట్లు విడి. బిల్లులో సర్వీస్ చార్జీ కూడా కలుపుతారు. ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కోత పడితే సర్టిఫికెట్ అడిగి దాచండి, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది లేదా వెనక్కి వస్తుంది. డబ్బులు కట్టడానికి క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలోంచి కొంత మొత్తం పట్టేసుకుంటారు, వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. షిప్ బయల్దేరగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే సముద్రపు నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు పేలుతుంది. షిప్ ఆసుపత్రి ఖరీదు ఎక్కువ, మన ఆరోగ్య కార్డులు చెల్లవు, హెలికాప్టర్ తరలింపు ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ మీ నాన్నగారికి కచ్చితంగా తీయండి. పాత జబ్బులు దాచకుండా రాయండి.

గడియారం ఒకటి జర జాగ్రత్త. షిప్ సింగపూర్ టైమ్‌లో నడుస్తుంటే ఫుకెట్‌లో దిగగానే ఫోన్ తనంతట తనే గంట వెనక్కి పోతుంది. ఫోన్‌లో మూడున్నర అయితే షిప్‌లో నాలుగున్నర, ఎక్కడానికి చివరి టైమ్ దాటిపోయి ఉండొచ్చు. మలేసియాతో ఆ తేడా లేదు. అయినా ఆటోమేటిక్ టైమ్ ఆపేసి మామూలు చేతి గడియారం పెట్టుకోండి. షిప్ వాళ్ల టూర్‌లో పోతే లేటైనా ఆగుతారు, బయట ట్యాక్సీలో పోతే ఆగరు. పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ రోడ్డు మీద గంట నుంచి గంటన్నర. బతు గుహల మురుగన్ గుడికి 272 మెట్లు, పెద్దవాళ్లు కింద విగ్రహం దగ్గరే దండం పెట్టుకుని కూర్చోవచ్చు.

ఆఖరి రాత్రి పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు, పది పదకొండు గంటలలోపు. పొద్దున వేసుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టు అందులో పెట్టేసి నైట్‌డ్రెస్‌లో మిగిలేవాళ్లు ప్రతి షిప్పులోనూ ఉంటారు. అదే రోజు రాత్రి టీవీలో బిల్లు చూడండి, తప్పుంటే అప్పుడే కౌంటర్‌కు పోవాలి, పొద్దున పెద్ద లైను ఉంటుంది. తిరుగు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతిదే బుక్ చేయండి.