యుద్ధానికి ముందు ఆ ఆటగాళ్లు ఏం పని చేసేవారు?

ప్రశ్న: ఉద్యోగరీత్యా లీడ్స్‌లో ఉంటున్నాను. మా ఇంటికి దగ్గరలోని ఒక పాత క్రీడామైదానంలో 1914–18 యుద్ధంలో మరణించిన ఆటగాళ్ల పేర్లు చెక్కిన ఫలకం ఉంది. పేరు, సైనిక హోదా తప్ప మరే వివరమూ లేదు. యుద్ధానికి వెళ్లకముందు వీరి జీవనోపాధి ఏమిటో తెలుసుకుందామని మొదలుపెడితే, ఒకరి విషయంలో జనాభా లెక్కల్లో ఒక పని, సైనిక పత్రంలో మరొకటి, అప్పటి పత్రికలో ఇంకొకటి కనిపించాయి. వీటిలో దేనిని నమ్మాలి? మిగిలినవారి కోసం ఎక్కడ వెతకాలి?
— ఒక పాఠకుడు, లీడ్స్

జవాబు: మూడూ నిజమే కావచ్చు. ఆ మూడు కాగితాలూ వేరువేరు సంవత్సరాల్లో, వేరువేరు అవసరాల కోసం పుట్టినవి. కనుక దేనిని నమ్మాలని అడగడానికి ముందు, ఏది ఎప్పుడు రాశారు, ఎవరు చెప్పగా రాశారు అన్నది చూడడం మేలు. పైగా ఆ రోజుల్లో ఆటనే నమ్ముకుని ఏడాది పొడుగునా బతకగలిగినవారు తక్కువ. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆటగాడి వారపు జీతానికి 1901లో నాలుగు పౌండ్ల గరిష్ఠ పరిమితి విధించారు. 1910లో దానిని అయిదు పౌండ్లకు పెంచారు. ఆ గరిష్ఠ జీతమైనా అందరికీ అందేది కాదు. మీకు సమీపంలోని హారోగేట్‌లో పుట్టిన డొనాల్డ్ బెల్ బడిపంతులుగా పనిచేస్తూనే, అదనపు ఆదాయం కోసం బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూ జట్టుకు ఆడాడు. 1916 జులైలో సోమ్ యుద్ధంలో విక్టోరియా క్రాస్‌కు అర్హమైన సాహసం చూపి, కొద్ది రోజులకే అక్కడే మరణించాడు. ఇటువంటి మనిషిని ఒక కాగితం ఉపాధ్యాయుడని, మరొకటి ఫుట్‌బాల్ ఆటగాడని చెబితే వాటి మధ్య వైరుధ్యం ఉన్నట్టు కాదు.

మొదట చూడవలసినది 1911 ఏప్రిల్ 2 నాటి జనాభా లెక్కలు. ఇంగ్లండ్, వేల్స్‌లకు సంబంధించి ఇంటి యజమానులు స్వహస్తంతో నింపిన ఫారాలే భద్రంగా ఉన్నాయి. స్కాట్లండ్‌కు మాత్రం గణకులు ఎత్తిరాసిన పుస్తకాలే దిక్కు. చేసే పని ఏమిటి, అది ఏ పరిశ్రమలో, మనిషి యజమానా, కూలికి పనిచేసేవాడా, స్వంతంగా చేసుకునేవాడా అన్న ప్రశ్నలకు ఈ ఫారంలో వేరువేరు గడులు ఉన్నాయి. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. ఊరు వదిలి వచ్చిన ఆటగాడు ఏ ఇంట్లోనో అద్దెకు ఉంటే, ఆ ఫారం నింపినది ఇంటి యజమాని కావచ్చు; ఆటగాడి పని గురించి ఆయనకు తెలిసినంతే అందులో ఉంటుంది. రెండవది తేదీ. ఏప్రిల్ మొదటివారం అంటే ఫుట్‌బాల్ సీజన్ ఇంకా ముగియలేదు, క్రికెట్ సీజన్ ఇంకా మొదలు కాలేదు. అందువల్ల క్రికెటర్ పేరు పక్కన చలికాలంలో చేసిన పని కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇక సైనిక పత్రాలు. సైన్యంలో చేరేటప్పుడు నింపే ఫారంలో చేతిపని లేదా వృత్తి ఏమిటని ఒక ప్రశ్న ఉండేది కాబట్టి, దొరికితే అంతకంటే సూటి ఆధారం లేదు. దొరకడమే కష్టం. 1940 సెప్టెంబరులో లండన్ మీద జరిగిన బాంబుదాడిలో ఈ పత్రాలను ఉంచిన గిడ్డంగి తగలబడి, మొదటి ప్రపంచయుద్ధపు సిపాయిల రికార్డుల్లో దాదాపు 60 శాతం పోయాయి. మిగిలినవాటిలోనూ అంచులు కాలినవి, నీటికి తడిసి అక్షరాలు చెదిరినవి చాలా ఉన్నాయి. అధికారుల అసలు ఫైళ్లు నశించినా, వారికి సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరాల ఫైళ్లు చాలావరకు లండన్‌లో క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో నిలిచాయి. మీ ఫలకం మీద సెకండ్ లెఫ్టినెంట్లు ఉంటే ముందుగా వారితో మొదలుపెట్టండి.

పత్రం దొరికినప్పుడు కూడా అందులోని పని ఆ మనిషి చివరగా చేసినదే అనుకోకూడదు. కెంట్ జట్టు స్పిన్నర్ కాలిన్ బ్లైత్ చిన్నతనంలో వూలిచ్ ఆయుధ కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. తర్వాత ఇంగ్లండ్ తరఫున 19 టెస్టులు ఆడి సరిగ్గా 100 వికెట్లు తీశాడు. 1914లో ఆయన చేరినది ఇంజనీర్ల దళంలో. అటువంటి దళానికి కావలసింది చేతిపని తెలిసినవాళ్లు గనుక, క్రికెటర్ అయినా అక్కడ తన పాత పనినే చెప్పుకునే అవకాశం ఉంది. 1917 నవంబరు 8న పాషెండేల్ దగ్గర మరణించిన బ్లైత్‌ను పత్రికలు క్రికెటర్‌గానే తలచుకున్నాయి, అందులోనూ తప్పు లేదు.

మీరు లీడ్స్‌లో ఉన్నారు కనుక ఒక మాట. లీడ్స్ పాల్స్ అని పేరుపడిన బెటాలియన్‌లో యార్క్‌షైర్ క్రికెటర్ మేజర్ బూత్ ఉండేవాడు. మేజర్ అన్నది ఆయన హోదా కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరు. హోదా సెకండ్ లెఫ్టినెంట్. ఇది తెలియక మేజర్ల జాబితాలో వెతికితే కాలం వృథా. 1916 జులై 1న, సోమ్ యుద్ధపు మొదటి రోజునే ఆయన చనిపోయాడు. అదే బెటాలియన్‌లో అదే రోజు మరణించిన ఎవెలిన్ లింటాట్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడినవాడు, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయుల విషయంలో అదృష్టం ఏమిటంటే, ఆ దేశంలో ప్రధానోపాధ్యాయులు రాసే బడి దినచర్య పుస్తకాల్లో ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు సైన్యానికి వెళ్లిపోయారు అన్నవి నమోదయ్యేవి. మీ ప్రాంతపు పాత బడుల పుస్తకాల కోసం వెస్ట్ యార్క్‌షైర్ ఆర్కైవ్ సర్వీస్‌ను అడగండి. మా దృష్టిలో ఇంటర్నెట్‌లో వారాల తరబడి వెతకడం కంటే ఇది ఫలవంతమైన దారి.

వివాహ ధ్రువపత్రంలో వరుడి వృత్తి, వధూవరుల తండ్రుల వృత్తులు ఉంటాయి. బిడ్డ జనన ధ్రువపత్రంలో తండ్రి వృత్తి ఉంటుంది. 1912–14 మధ్య పెళ్లయిన లేదా పిల్లలు పుట్టిన ఆటగాడి విషయంలో, 1911 లెక్కల కంటే యుద్ధానికి దగ్గరి ఆధారం ఇదే. కొంత రుసుము చెల్లించాలి గాని, చెల్లించదగినదే. క్రికెట్ స్కోరుకార్డులనూ వదలకండి: అమెచ్యూర్ పేరుకు ముందు పొడి అక్షరాలు వేసి, ప్రొఫెషనల్‌కు ఇంటిపేరు తర్వాత వేయడమో అసలు వేయకపోవడమో అప్పటి రివాజు. కులభేదాలు ఎరిగిన మనకు ఈ పట్టింపు కొత్తగా అనిపించదు. జీతం తీసుకుని ఆడినవాడెవరో దాన్నిబట్టి తెలిసిపోతుంది.

మీ ఫలకం మీద న్యూజిలాండ్ దళాల్లో చేరినవారెవరైనా ఉంటే మీ పని సులువు. అక్కడి సైనికుల ఫైళ్లు నిలిచి ఉండడమే కాక, ఇంటినుంచే చదువుకునేందుకు అందుబాటులో ఉన్నాయి. అయినా కళ్లు మూసుకుని నమ్మకూడదు. 1905లో న్యూజిలాండ్ రగ్బీ జట్టుకు నాయకుడైన డేవ్ గాలహర్ ఆక్లాండ్‌లో మాంసం శీతలీకరించే కంపెనీలో ఫోర్‌మన్. పుట్టింది 1873లో అయినా, సైన్యంలో వయసు తగ్గించి చెప్పాడు. బెల్జియంలోని ఆయన సమాధిరాయి మీద ఇప్పటికీ 43కు బదులు 41 అనే ఉంది. వయసు విషయంలో అంత చేసినవారు ఉన్నప్పుడు వృత్తి గడిని కూడా మరో ఆధారంతో పోల్చి చూసుకోవలసిందే. మీరు జాబితా తయారుచేసేటప్పుడు ప్రతి పేరుకూ ఒకే వృత్తి తేల్చాలని పట్టుబట్టకుండా, దొరికిన ప్రతి పనినీ సంవత్సరంతో, ఆధారంతో సహా రాసిపెట్టండి.

ప్రశ్న: రెండవ ప్రపంచయుద్ధంలో మరణించిన ఇంగ్లిష్ ఆటగాళ్లకూ ఇవే మార్గాలు పనికివస్తాయా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ధ్రువపత్రాలు, పత్రికలు పనికివస్తాయి. జనాభా లెక్కలతో మాత్రం చిక్కు. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 లెక్కల ఫారాలు 1942 డిసెంబరులో అగ్నికి ఆహుతయ్యాయి. యుద్ధం వల్ల 1941లో లెక్కలే జరగలేదు. ఆ లోటును తీర్చేది 1939 సెప్టెంబరు 29న గుర్తింపు కార్డుల కోసం చేసిన నమోదు. అందులో వృత్తి ఉంటుంది, కాని అప్పటికే సైన్యంలో ఉన్నవారి పేర్లు ఉండవు. తేదీని ఇక్కడా గమనించాలి. యార్క్‌షైర్ స్పిన్నర్ హెడ్లీ వెరిటీ 1939 సెప్టెంబరు 1న హోవ్‌లో 9 పరుగులకు 7 వికెట్లు తీశాడు. అదే ఆయన ఆఖరి కౌంటీ మ్యాచ్. 1943లో సిసిలీలో గాయపడి, ఇటలీలో బందీగా ఉండగా మరణించాడు. ఆ మ్యాచ్‌కూ ఈ నమోదుకూ మధ్య నాలుగు వారాలే. ఆట ఆగిపోయిన ఆ నాలుగు వారాల్లో వేరే పనికి కుదిరిన క్రికెటర్ ఆ కొత్త పనినే చెప్పి ఉండవచ్చు. అందుచేత 1939 నమోదుతో పాటు, అంతకు ముందు రెండు మూడేళ్ల స్థానిక పత్రికలను కూడా చూడండి.