క్యాబిన్ అతుకులకి సిలికాన్ వద్దు

అన్నా, వానకి మీ పాత పికప్ క్యాబిన్‌లోకి నీళ్లు దిగుతున్నాయి, రేకుల అతుకుల మీద సిలికాన్ పూయొచ్చా అని అడిగారు. దయచేసి వద్దు. దాని మీద పెయింట్ నిలవదు, చుట్టుపక్కల పెయింట్‌లో కూడా చిన్న చిన్న గుంటలు పడతాయి.

అతుకుల్లోని పాత సీలర్ (సందులు మూసే పేస్టు) మొత్తం గీకించి, తుప్పు తీయించి, ముందు ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా రేకు మీద వేసే మొదటి పూత) కొట్టించండి. అది ఆరాకే పాలీయురెథేన్ సీమ్ సీలర్. సికింద్రాబాద్ రాణిగంజ్ ఆటో షాపుల్లో అడిగి చూడండి. గ్లవ్ వేసుకుని వేలితో అతుకులోకి నొక్కుతూ లాగాలి. పైపైన పూస్తే లోపల ఖాళీ మిగిలి, తడి చేరి, అక్కడే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

డోర్ కింది అంచున నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయనివ్వకండి. మా బండికి అవీ మూసేశారు. రెండు వానాకాలాలకే డోర్ అడుగు బొటనవేలితో నొక్కితే పొడిలా రాలింది. రేకు పూర్తిగా ఆరిన రోజు చూసి పని పెట్టుకోండి.