సమాధానం: యూజర్‌క్రోమ్ ఫైల్ పెట్టినా ఫైర్‌ఫాక్స్ ట్యాబ్‌ల ఎత్తు తగ్గడం లేదు

యూజర్‌క్రోమ్ అంటే ఫైర్‌ఫాక్స్ రూపాన్ని మార్చడానికి మనం సీఎస్ఎస్ (రూపాన్ని నిర్ణయించే కోడ్)లో రాసుకునే ఫైల్. తప్పు బహుశా మీరు రాసిన సీఎస్ఎస్‌ది కాదు, ఆ ఫైల్‌ని ఫైర్‌ఫాక్స్ అసలు చదవడమే లేదు. 2019లో వచ్చిన 69వ వెర్షన్ నుంచి ఈ ఫైల్‌ని చదివే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. చాలామంది వదిలేసేది ఇదే.

1. అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ కాన్ఫిగ్ కొట్టి, హెచ్చరిక వస్తే ఒప్పుకోండి.
2. సెర్చ్‌లో లెగసీయూజర్‌ప్రొఫైల్ అని ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా వెతకండి. చివర స్టైల్‌షీట్స్ అని ఉన్న లైన్ కనిపిస్తుంది, ఫాల్స్ అని ఉంటే డబుల్ క్లిక్ చేసి ట్రూ చేయండి.
3. ఫైల్ ఉండాల్సింది ప్రొఫైల్ ఫోల్డర్ (ఫైర్‌ఫాక్స్ మీ సెట్టింగ్‌లు, బుక్‌మార్క్‌లు దాచుకునే చోటు) లోపలి క్రోమ్ ఫోల్డర్‌లో. విండోస్ నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసి ఉంటే పేరు చివర డాట్ టీఎక్స్‌టీ తగులుకుందేమో, ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టి చూడండి.
4. ఫైర్‌ఫాక్స్ విండోలన్నీ మూసేసి మళ్లీ తెరవండి, పేజీ రీలోడ్ చేస్తే సరిపోదు.