ఫోన్లు ఇంత బాగా ఫోటోలు తీస్తుంటే ఇక కెమెరాల మార్కెట్‌ని నడిపేదెవరు?

పెద్ద కంపెనీలు వదిలేస్తే ఫిల్మూ కెమెరాలూ అంతటితో అయిపోయినట్టేనా అని అడిగారు కదా. కాదండీ. నేను పదిహేనేళ్ళ పైనుంచి పాత కెమెరాలు వాడుతున్నా, బాగుచేసుకుంటున్నా. నేను చూసినంతలో ఆ పిచ్చి ఉన్న కొద్దిమంది వదలకుండా పట్టుకుని కూర్చున్నదాని దగ్గరికే పెద్దవాళ్ళు తర్వాత తిరిగొచ్చారు.

పోలరాయిడ్ సంగతే చూడండి. ఫోటో తీయగానే కెమెరాలోంచి బయటికొచ్చి దానంతటదే తేలే ఇన్‌స్టంట్ ఫిల్మ్ ఆ కంపెనీది, 2008లో దాన్ని ఆపేస్తున్నాం అన్నారు. నెదర్లాండ్స్‌లో ఎన్‌స్ఖెడే అనే ఊళ్ళో ఉన్న వాళ్ళ ఫ్యాక్టరీ మెషిన్లు తుక్కు కింద పోయే టైంలో ఫ్లోరియన్ కాప్స్ అనే ఆయన, ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసిన ఆండ్రే బోస్మన్ కలిసి వాటిని కొని ఇంపాసిబుల్ ప్రాజెక్ట్ అని ఒక కంపెనీ మొదలుపెట్టారు, మెషిన్లయితే దొరికాయి గానీ వాడాల్సిన కెమికల్స్‌లో చాలావాటి తయారీయే ఆగిపోయింది, అంటే ఫిల్మ్‌ని మళ్ళీ మొదట్నుంచి కనిపెట్టాల్సిందే. 2010లో అమ్మకానికి వచ్చింది. పాత ప్యాక్‌లో 10 ఫోటోలు ఉంటే ఇందులో 8, పైగా ఫోటో బయటికి రాగానే వెలుతురు తగలకుండా కాపాడుకోవాలి. నేను కెమెరా మూతి దగ్గర నల్ల అట్టముక్క టేపుతో అతికించి, వచ్చిన ఫోటోని చటుక్కున జేబులో దాచేవాణ్ణి. మసగ్గా ఒక మొహం తేలేసరికి ఎంత సంతోషమో! నాలాంటి వాళ్ళం మళ్ళీ మళ్ళీ కొన్నాం, ఎండలో ఎలా వచ్చింది, చలిలో ఎలా వచ్చింది అని ఒకళ్ళకొకళ్ళం చెప్పుకున్నాం. ఆ కంపెనీయే 2017లో పోలరాయిడ్ ఒరిజినల్స్, 2020లో పోలరాయిడ్ అయింది.

కోడాక్ కూడా 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ అనే స్లైడ్ ఫిల్మ్‌ని 2018లో మళ్ళీ తెచ్చింది. 2024లో పెంటాక్స్ 17 వచ్చింది, కొత్త ఫిల్మ్ కెమెరా, ఫిల్మ్ ముందుకు జరపడానికి చేత్తో తిప్పే లివర్‌తో సహా, దానికోసం రిటైరైన పాత ఇంజనీర్లని అడిగి నేర్చుకున్నారు. నాకు ఇదే అసలు విషయం అనిపిస్తుంది. ఫిల్మ్ ఎవరో ఒకరు తయారుచేస్తారు, చేతిలో ఉన్న పనితనం పోతే మాత్రం తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

నా దగ్గరున్న ఒక పాత కెమెరాలో వెనక మూత చుట్టూ ఉండే ఫోమ్ జిగురు జిగురుగా అయిపోయి వెలుతురు లోపలికి పోయేది. రిపేర్ చేసేవాళ్ళు ఎవరూ దొరకలేదు. ముక్కుమొహం తెలియని ఒకాయన ఆ మోడల్‌కి ఏ ముక్క ఎంత పొడవు ఎంత మందం అని కొలతలన్నీ రాసి పెట్టాడు, అవి చూసి పాత జిగురంతా గీకి రెండు సాయంత్రాలు కూర్చుని కొత్త ఫోమ్ అతికించా, ఇప్పటికీ అదే వాడుతున్నా. తర్వాత ఫిల్మ్‌ని వెనక్కి చుట్టే రివైండ్ నాబ్ విరిగితే ఇంకొకరు ఊరికే ఇచ్చిన త్రీడీ ప్రింట్ ఫైల్‌తో చేయించుకున్నా, కొంచెం లూజుగా ఉంటే కొలత సరిచేసి ఆ ఫైల్ తిరిగి వాళ్ళకే పంపా.

మీ ఇంట్లో ఆగిపోయిన కెమెరా ఏదైనా ఉంటే పారేయకండి. ఏ మోడలో చెప్పండి, నా దగ్గర కొలతలుంటే ఇస్తా.